బేరమాడి తేల్చిన నత్రజని

బాదం చెట్టుకి నత్రజని ఎంత వేయాలో చెప్పడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఒక్క మాటే చెప్పి బతికాను. ఎక్కడైనా పెళ్లిలో కొత్తవాళ్లు మీరేం చేస్తుంటారండీ అని అడిగితే, ఇంత కథ ఎవరు చెబుతారని, "ఆకులు కోస్తాను" అనేవాణ్ణి. వాళ్లు మా ఆవిడ వైపు జాలిగా చూసేవాళ్లు.

ఈమధ్య మన పిల్లలు, ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగినవాళ్లు, ఒకరిద్దరు ఈ పనిలోకి వస్తున్నారు. అందులో ఒకమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, నాకు జాబ్ వచ్చింది. ఫస్ట్ సీజన్‌లో ఏం మిస్టేక్స్ చేయకూడదో చెప్పండి" అంది. తెలుగులో రాసి పంపుతానన్నాను. తనకి తెలుగు చదవడం రాదట, వాళ్లమ్మ చదివి వినిపిస్తుందట. కాబట్టి తల్లులు కూడా వింటున్నారన్న భయంతో, మర్యాదగానే రాస్తున్నాను.

నా ప్రమోషన్ల సంగతి రాయను. ఉన్నవే రెండు. ఎవరు ఎప్పుడు రిటైరయ్యారో, ల్యాబ్‌లో ఏ మిషన్ ఎప్పుడు మార్చారో కూడా రాయను. నేను చేసిన ఒక పెద్ద తప్పు రాస్తాను. అది చదువు తక్కువై చేసిన తప్పు కాదు, నా పెంపకం నాతో చేయించింది. అందులోంచి నన్ను బయటపడేసిన మనుషులకి నేను ఇన్నాళ్లూ సరిగా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఆ పని కూడా ఇందులోనే అయిపోతుంది.

ఆకు కోయడం

డెబ్భైల చివర్లో నేను కాలిఫోర్నియా నడిమి లోయలో, మొడెస్టో ఊరికి దిగువన ఇసుక నేలలున్న చోట, ఒక చిన్న ల్యాబ్‌లో చేరాను. నేలలు, ఆకులు, నీళ్లు పరీక్ష చేసి రైతులకి సలహా ఇచ్చే ల్యాబ్ అది. దాన్ని పెట్టింది సత్యానందం గారు. బాపట్ల వైపు ఆయన. నాకు పదిహేనేళ్లు పెద్ద. ఆదివారం పొద్దున ఆయన ఇంట్లో తెలుగులో ప్రార్థన జరిగేది. చుట్టుపక్కల యాభై మైళ్లలో ఉన్న తెలుగువాళ్లం, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లమైనా, ఆ పూటకి అక్కడే తేలేవాళ్లం. వాళ్లు తెలుగులో పాడతారు, తరవాత చేపల పులుసు పెడతారు. నేనూ మా ఆవిడా శాకాహారులం గనక మా ఇద్దరికీ ఆయన భార్య విడిగా పప్పు వండేది. పరాయి దేశంలో అంతకన్నా ఏం కావాలి?

నేను చీరాల బజారులో కిరాణా కొట్టు మీద పెరిగాను. మా నాన్నది కిరాణా, బాబాయిది నూనెల వ్యాపారం, మేనమామది బట్టల కొట్టు. ఇంట్లో మాటలు కూడా ధర చెప్పినట్టే ఉండేవి. నిద్ర లేపడానికి మా అమ్మ ఐదింటికి లెమ్మంటే నేను ఆరున్నర అనేవాణ్ణి, ఐదూ ముప్పావుకి తెగేది. నేల శాస్త్రంలో ఎమ్మెస్ చేసినా ఆ బుద్ధి పోలేదు.

ఇక పని. జూలైలో, మిట్ట ఎండలో, తోటలోకి వెళ్లి కాయ లేని పొట్టి రెమ్మల నుంచి ఆకులు కోయాలి. కాయ ఉన్న రెమ్మ ఆకు కాయకి తన సత్తువ ఇచ్చేసి ఉంటుంది, అది చెట్టు సంగతి సరిగా చెప్పదు. తల ఎత్తున, చెట్టుకి నాలుగు వైపులా, తోట మొత్తం మీద ఒక వరస తప్పకుండా తిరిగి కోసి, కాగితం సంచిలో వేసి తేవాలి. కడిగి, ఆరబెట్టి, పొడి చేసి, ఆమ్లంలో మరిగిస్తే నత్రజని ఎంతుందో తెలుస్తుంది. దాన్నిబట్టి మళ్లీ వసంతంలో ఎంత వేయాలో చెబుతాం. ఇంతే ఉద్యోగం. ఇంతే అని నేనూ అనుకున్నాను.

చేరిన రెండో వారం సత్యానందం గారు నేను తెచ్చిన సంచిని బల్ల మీద బోర్లించారు. రెండు ఆకులు తీసి వేలితో రుద్దారు.

"ఏమయ్యా పాండురంగం, ఆ తోటకి మధ్యలో చెట్లు లేవా?"

"ఉన్నాయి సార్."

"మరి ఇదంతా రోడ్డు దుమ్మేగా. కారు దిగిన చోటే కోసుకొచ్చావు. లోపలికి నడిస్తే బూట్లు అరుగుతాయా?"

"అన్నీ ఒకే వయసు చెట్లు సార్. ఒకే నీళ్లు. తేడా ఏముంటుందిలే అని."

"అంచు చెట్టుకి గాలీ వెలుతురూ అన్నీ ఎక్కువ. పైగా ఎరువు బండి తిరిగే చోట ఒలికిందంతా దానికే. ఊరి మొదట్లో ఉన్న మేడ చూసి ఊరంతా ధనవంతులని రాసుకొస్తావా? పో, మళ్లీ కోసుకురా."

నలభై మైళ్లు వెనక్కి వెళ్లాను. ఆయనకి ఆ రోజు పెట్రోలు బిల్లు చూపించలేదు, చూపించినా డబ్బిచ్చేవారు కాదు. ఇప్పటికీ చెబుతున్నాను: ఎవరైనా మీకు సలహా ఇస్తే ముందు వాళ్ల బూట్లు చూడండి. అవి శుభ్రంగా ఉంటే ఆ సలహా కారులో తయారైనట్టు.

మాన్యుయెల్

నా రైతుల్లో మాన్యుయెల్ ఒకడు. అజోర్స్ దీవుల నుంచి చిన్నప్పుడే వచ్చిన పోర్చుగీసువాడు. వయసు యాభై దాటింది. నలభై ఆవులతో పాడి నడిపి, మోకాళ్లు పోయాక ఆవుల్ని అమ్మేసి, మిసెస్ హాన్సెన్ అనే ముసలావిడ బాదం తోటని కౌలుకి తీసుకున్నాడు. భర్త పోయాక ఆవిడకి మిగిలిన నలభై ఎకరాలు అవి. తోటలోనే చిన్న ఇల్లు. భార్య మరియా, అతనూ అందులోనే ఉండేవాళ్లు.

మొదటిసారి వెళ్లినప్పుడు పికప్ బానెట్ మీద మోచేతులాన్చి నన్ను ఎగాదిగా చూశాడు. అతని ఇంగ్లీషునీ నా ఇంగ్లీషునీ తెలుగులోకి దింపితే ఇలా ఉంటుంది.

"నువ్వు ఎరువు అమ్ముతావా?"

"అమ్మను."

"మరెందుకొచ్చావు?"

"ఎంత కొనక్కర్లేదో చెప్పడానికి."

"దానికి నేను నీకు డబ్బివ్వాలా?"

"అవును."

చాలాసేపు నవ్వాడు. తరవాత నా పేరు అడిగాడు. పాండురంగారావు అన్నాను. రెండుసార్లు ప్రయత్నించి పాండా దగ్గర ఆగాడు. అక్కడి నుంచి ఆ లోయ అంతటా నేను పాండానే. నా పొట్ట కూడా ఆ పేరుకి తగ్గట్టే ఉండేదని మా ఆవిడ రాజ్యం అనేది.

మాన్యుయెల్ ఏళ్ల తరబడి పశువుల సంతల్లో బేరాలు ఆడినవాడు. నేను చీరాల బజారువాణ్ణి. ఇద్దరికీ ఒకరినొకరు చూడగానే బేరం ఆకలి పుట్టింది. మా తప్పంతా అక్కడే మొదలైంది.

లెక్క సులువుగా ఉండటానికి, ఆకుల పరీక్ష ప్రకారం ఆ తోటకి ఏడాదికి వంద పాళ్ల నత్రజని చాలు అనుకోండి. మాన్యుయెల్ ఎక్కువ అడుగుతాడని నాకు తెలుసు, అందుకని ఎనభై అనేవాణ్ణి. మా నాన్న కొట్టులో ధర ఎప్పుడూ ఒక మెట్టు పైనుంచి దిగేది, నేను ఒక మెట్టు కింద నుంచి ఎక్కేవాణ్ణి. మాన్యుయెల్ నూట ఇరవై అనేవాడు. నేను ససేమిరా అనేవాణ్ణి. అతను టోపీ తీసి నేలకేసి కొట్టేవాడు. చివరికి వంద దగ్గర ఆగేవాళ్లం. అతను గెలిచాననుకునేవాడు. సరైన మోతాదు అతని చేతే అడిగించానని నేను గెలిచాననుకునేవాణ్ణి. రెండేళ్లు ఇలాగే నడిచింది. నా అంత తెలివైనవాడు ఇంకెక్కడా పుట్టలేదని నా నమ్మకం.

మూడో ఏడు వసంతంలో పూత బ్రహ్మాండంగా నిలిచింది. కాయ కిందికొమ్మల్ని వంచేసింది. పికప్ బానెట్ దగ్గర మళ్లీ చేరాం.

"ఎనభై" అన్నాను.

"పాండా, ఆ కాయ చూశావా? నా ఆవు కవల దూడల్ని మోస్తుంటే సగం దాణా పెట్టమంటావా?"

"సరే, తొంభై."

"నూట నలభై."

"ముందు నీ బావి నీళ్లలో ఎంత నత్రజని ఉందో పరీక్ష చేయిద్దాం. మీ పక్కనే పాడి ఉంది, దాని పేడలోది నేలలోంచి బావిలోకి దిగుతుంది. నీళ్లలో వచ్చేది కూడా చెట్టుకి అందుతుంది కదా. అది తీసేసి చెబుతాను."

"నీళ్లకి మళ్లీ విడిగా బిల్లు వేస్తావా?" కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక పని చెయ్. నీళ్ల పరీక్ష వదిలెయ్, నేను నూట పదికి దిగుతాను."

ముప్పై పాళ్లు ఒక్క దెబ్బకి దిగాడు. అలా దిగినప్పుడు ఎదుటివాడికి ఏదో ఒకటి వదలడం మా బజారు పద్ధతి. వదిలేశాను. ఈ వృత్తిలో నేను చేసిన అతి చవకబారు పని అదే. నాకు తెలియాల్సినదాన్ని బేరంలో వదులుకున్నాను.

అంతటితో ఆగలేదు. మరియా వేడిగా తీపి రొట్టె, కాఫీ తెచ్చింది. రొట్టె తింటుంటే మనసు మెత్తబడింది. "పది కొసరు వేసుకో" అన్నాను. కొసరంటే ఏమిటో కూడా చెప్పాను: మా ఊళ్లో తూకం అయ్యాక పైన ఒక గుప్పెడు వేస్తారు, అది లేకపోతే కొన్నవాడు మళ్లీ ఆ కొట్టు మెట్లెక్కడు. మాన్యుయెల్‌కి అది భలే నచ్చింది. నా దగ్గర అతను నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట అది.

నూట ఇరవై అని రిపోర్టు రాసి సత్యానందం గారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, "ఎక్కువ కాదూ?" అన్నారు.

"కాయ బాగా ఉంది సార్."

ఫోన్ మోగుతోంది, బయట ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. సంతకం పెట్టేశారు.

ఆగస్టులో చెట్టు ఊపితే

బాదం కోత చూడనివాళ్ల కోసం చెబుతాను. ఒక యంత్రం వచ్చి చెట్టు మొదలుని పట్టుకుని నాలుగైదు సెకన్లు ఊపుతుంది. అంతే, కాయలన్నీ వడగళ్లలా రాలిపోతాయి. ఆ చప్పుడు వినడానికే నేను కోతకి వెళ్లేవాణ్ణి.

ఆ ఆగస్టు మాన్యుయెల్ తోటలో యంత్రం ఊపింది. పైకొమ్మల కాయ రాలింది. కిందికొమ్మల కాయ రాలలేదు. మళ్లీ ఊపారు. అలాగే అంటుకుని ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే కాయ పక్కన రెమ్మలు ఆకులతో సహా ఎండిపోయి, ఎవరో నిప్పు చూపించినట్టున్నాయి. ఒక చెట్టు కాదు. వరసలో సగం చెట్లకి అలాగే ఉంది.

మాన్యుయెల్ ఆ రెమ్మ విరిచి నా చేతిలో పెట్టాడు. "చెట్టుకి ఆకలేస్తోంది పాండా. ఇంత కాయ మోసింది కదా. కోత అవగానే మంచి మోతాదు ఒకటి వేద్దాం. ఈసారి బేరం వద్దు, నువ్వే చెప్పు."

నేను కాయ పైతొక్క ఒలిచాను. తొక్కకీ పెంకుకీ మధ్య నల్లటి పొడి. తొక్క పగిలే వేళ లోపల చేరే బూజు అది. ఆ బూజు విషం రెమ్మలోకి దిగి దాన్ని చంపేస్తుంది. తిండి ఎక్కువై, తొక్క లావెక్కి, కొమ్మలు గుబురు కమ్మిన తోటల్లోనే అది విజృంభిస్తుందని సత్యానందం గారు ఎన్నోసార్లు చూపించారు. ఆకలి కాదు, అజీర్తి. నూట ఇరవైకే ఇంత అజీర్తి రాకూడదు. ఇంకా ఏదో కలిసింది.

ఆ సంగతి అక్కడే చెప్పాలి. చెప్పలేదు. "చూద్దాం" అన్నాను.

ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. మాన్యుయెల్ కౌలు ఆ చలికాలంతో తీరిపోతుంది. పట్నంలోని ఒక కంపెనీ ఆ తోట మాకివ్వండని మిసెస్ హాన్సెన్ వెంట పడుతోంది. ఎండిన కిందికొమ్మలు చూస్తే ఆవిడ కౌలు మార్చేస్తుంది. చచ్చిన రెమ్మ మళ్లీ కాయదు, కొత్తది రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ మొగుడూ పెళ్లాలకి ఇక ఆవులు లేవు, వేరే ఇల్లు లేదు. తప్పు నాదని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. నా గ్రీన్ కార్డు కాగితాలు ఆ ల్యాబ్ పేరు మీదే నడుస్తున్నాయి.

సాయంత్రం అన్నం ముందు కూర్చుని రాజ్యానికి చెప్పాను. అంతా విని, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేయబోయింది. చాలన్నాను.

"చాలన్నాక వేస్తే కేకలేస్తారు కదా నా మీద. ఆయన చెట్ల నోట్లో మాత్రం కొసరి కొసరి కూరారేం?"

"ఇప్పుడు ఏం చేయమంటావ్?"

"సత్యానందం గారికి చెప్పండి. గ్రీన్ కార్డు పోతే పోతుంది. చీరాలలో కొట్టు ఉందిగా, మీకు అదే బాగా వచ్చు."

మరియా క్యాలెండర్

మర్నాడు పొద్దున ఆయన ముందు నిలబడి అంతా చెప్పాను. బేరం, వదిలేసిన నీళ్ల పరీక్ష, కొసరు. ఆయన నా వైపు చూడలేదు. రిపోర్టుల ఫైలు తీసి ఆ కాగితం వెతికి, అడుగున ఉన్న సంతకం చూసుకున్నారు.

"ఇది ఎవరిదయ్యా?"

"మీదే సార్."

"మరి నీ తప్పు నీ తప్పని ఏడుస్తావేం? ఎక్కువ కాదూ అని అడిగాను. అడిగినవాణ్ణి జవాబు దాకా ఆగొద్దూ? నీళ్ల సీసాలు తీసుకో. ఇద్దరం పోదాం."

ముప్పై ఏళ్లలో నేను చాలామంది బాసుల్ని చూశాను. తప్పు జరిగితే కిందివాడి పేరు వెతికేవాళ్లే ఎక్కువ. ఆ రోజు ఆయన కారు నడుపుతూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. దారంతా బాపట్లలో దొరికే మామిడి పళ్ల గురించే మాట్లాడారు. నాకు భయం తగ్గాలని అలా మాట్లాడారని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మరియా వంటింట్లో నలుగురం కూర్చున్నాం. సత్యానందం గారు సూటిగా చెప్పారు: "మాన్యుయెల్, నీ చెట్లకి ఆకలి లేదు. మేం ఎక్కువ చెప్పాం. నీళ్లు చూడకుండా చెప్పాం. తప్పు మా ల్యాబ్‌ది."

మాన్యుయెల్ ముఖం ఎర్రబడింది. నన్ను తిడతాడనుకున్నాను. అతను పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

మరియా లేచి గోడ మీది క్యాలెండర్ తెచ్చి బల్ల మీద పరిచింది. పశువుల దాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్. ఏ రోజు ఏ వాల్వు ఎన్ని గంటలు తిప్పారో, ఆ నీళ్లలో ఎరువు ఎప్పుడు కలిపి వదిలారో, పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాలు. పాడి ఉన్నప్పుడు ఏ ఆవు ఎన్ని పాలిచ్చిందో రాసిన అలవాటట.

"నువ్వు చెప్తావా, నన్ను చదవమంటావా?" అంది మొగుడితో.

"నువ్వే చదువు."

"ఎరువు బండివాడు నీ దోస్తు. ట్యాంకులో గీత దాటించి నింపాడు. నువ్వు వాడికి బీరు ఇచ్చావు. ఇదిగో, బీరు కూడా రాశాను. తరవాత కాలవ పక్క చెట్లు బక్కగా ఉన్నాయని ఎరువు వాల్వు రెండు గంటలు ఎక్కువ తిప్పి ఉంచావు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎందుకలా అంటే, పాండా చెప్పాడు, కొసరు అన్నావు."

మరియా మా ముగ్గురినీ వరసగా చూసింది.

"ఒక్కొక్కరు ఒక్కో గుప్పెడు. చెట్టుని మాత్రం ఎవరూ అడగలేదు."

బావి నీళ్ల పరీక్ష వారం తరవాత వచ్చింది. తోటకి కావలసినదాంట్లో దాదాపు సగం ఆ నీళ్లే మోసుకొస్తున్నాయి. నేను వంద చాలన్న తోటకి, అందరి చేతులూ కలిసి రెండు వందల దాకా వెళ్లింది. ఆ నీళ్ల పరీక్షని నేను ఒక బేరంలో చిల్లరగా వదిలేశాను.

కొత్తగా వచ్చేవాళ్లకి ఇక్కడ ఒక మాట. రైతుతో దేనికైనా బేరమాడండి, వారానికి ఎన్నిసార్లు వస్తారో, ఎప్పుడు వస్తారో, కాఫీ ఎవరు పోస్తారో. కొలతకి బేరం పెట్టకండి. ఇంకొకటి: మీరు చెప్పిన అంకె మీ నోటి నుంచి చెట్టు వేరు దాకా ఎన్ని చేతులు మారుతుందో కనుక్కోండి. ప్రతి చేయీ ప్రేమతోనే కాస్త కలుపుతుంది. ఆ ఇంట్లో రాసిపెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో ముందు మాట్లాడండి. మూడేళ్లు ఆ ఇంటికి వెళ్లి రొట్టె తిన్నానే తప్ప, మరియాని ఒక్క ప్రశ్న అడగలేదు నేను.

ముసలావిడతో బేరం

మిసెస్ హాన్సెన్ అక్టోబరులో వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి, పొడుగ్గా, భర్త బూట్లు వేసుకుని తిరిగేది. ఎండిన కొమ్మల కింద నిలబడి పైకి చూసింది. మాన్యుయెల్ టోపీ చేత్తో పట్టుకుని ఏదో చెప్పబోతుంటే, ఆవిడ నన్ను అడిగింది.

"ఇది ఇతని పనేనా?"

"మాది కూడా అండీ. మోతాదు చెప్పింది నేను."

"కంపెనీవాళ్లు ఇలాంటిది జరగదంటున్నారు."

నాకు అప్పుడు చీరాల గుర్తొచ్చింది. సరుకు పాడైందని తిరిగి తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడటం మా నాన్నకి వచ్చిన గొప్ప విద్య. ముందు సరుకు పాడైందని ఒప్పుకునేవాడు. తరవాతే అడిగేవాడు.

"తోట పాడైంది, నిజమే. మాన్యుయెల్‌కి రెండు పంటల గడువివ్వండి. అవి చూసి నిర్ణయించండి."

"ఒకటి."

"ఒక పంటకి చెట్టు కోలుకోదండీ."

"కోలుకోనక్కర్లేదు. కొత్తగా చావకపోతే చాలు. ఒకటే."

ఒప్పుకున్నాను. ఆ బేరంలో నాకు ఇంకేం మిగల్లేదు.

ఆ చలికాలం మాన్యుయెల్, మరియా, శని ఆదివారాలు నేనూ, వెదురు గడలతో చెట్లకి అంటుకున్న పాత కాయల్ని కొట్టి రాల్చాం. వాటిని వదిలేస్తే పురుగు అందులోనే చలికాలం గడిపి కొత్త పంట మీద పడుతుంది. నాలుగు చెట్లకే నా భుజాలు పోయాయి. సత్యానందం గారు ఒకసారి ప్రార్థన అయ్యాక సూటుతోనే వచ్చి గంటసేపు గడ పట్టుకున్నారు. ఎండిన కొమ్మల్ని కత్తిరించి కాల్చేశాం.

ఫిబ్రవరిలో రిపోర్టు రాశాను. నత్రజని: ఏమీ వేయవద్దు. బావి నీళ్లూ, నేలలో మిగిలిందీ చాలు. కొట్టులో పుట్టినవాడికి సున్నా రాయడం ఎంత కష్టమో మీకు తెలియదు. సత్యానందం గారు ఈసారి ఫోన్ మోగుతున్నా తీయలేదు. మరియా క్యాలెండరూ, నీళ్ల పరీక్షా పక్కన పెట్టుకుని ప్రతి అంకె చదివి సంతకం చేశారు.

మాన్యుయెల్‌కి ఆ వసంతం నరకం. పక్క తోటలు నల్లపచ్చగా మెరిసేవి, అతనిది లేతగా ఉండేది. ఎరువు బండివాడు గేటు దగ్గర ఆపి, "ఏం మాన్యుయెల్, చెట్ల చేత ఉపవాసం చేయిస్తున్నావా?" అని వెక్కిరించేవాడు. మాన్యుయెల్ వారానికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు.

"ఒక పది పాళ్లు, పాండా?"

"లేదు."

"ఐదు?"

"ఫోన్ మరియాకి ఇవ్వు."

ఇచ్చేవాడు. ఆవిడ, "ఎరువు వాల్వు తాళం నా దగ్గరే ఉంది" అని పెట్టేసేది.

జూలైలో ఆకులు కోశాను. తోట మధ్యకి నడిచి, వరస తప్పకుండా. పరీక్షకి రెండు వారాలు. ఆ రెండు వారాలూ ల్యాబ్‌లో ఎవరూ నాతో హాస్యాలాడలేదు. ఫలితం సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. పక్క తోటల కన్నా తక్కువే, కానీ చెట్టుకి తక్కువ కాదు. ఆ కాగితాన్ని సత్యానందం గారు కళ్లకద్దుకోలేదు గానీ, దాదాపు అంత పని చేశారు.

ఆ తరవాత నేను ఎన్నో తోటలు చూశాను. నాకు ఈ వృత్తి ఇచ్చింది ఇద్దరు మనుషులనే అనుకుంటాను: సంతకం తనదని ఒప్పుకున్న సత్యానందం గారు, పెన్సిలుతో రాసిపెట్టుకున్న మరియా. గ్రీన్ కార్డు కూడా వచ్చింది, ఆ ల్యాబ్ పేరు మీదే. వీళ్లలో ఏ ఒక్కరు నన్ను పొమ్మన్నా నాకు ఎదురు అడగడానికి మొహం ఉండేది కాదు.

ఆగస్టులో యంత్రం వచ్చిన రోజు మిసెస్ హాన్సెన్ సొంత గడతో వచ్చింది. చెట్టు ఊపగానే కాయ రాలింది, పైదీ కిందిదీ ఒక్కసారే. అయినా ఆవిడ నమ్మలేదు. ఊపిన చెట్ల వరస పొడుగునా నడుస్తూ, కిందికొమ్మల్ని గడతో తడుతూ పోయింది. మేం ముగ్గురం వెనకే నడిచాం. ఎక్కడో ఒకటీ అరా కాయ పడేది. ఎండిన రెమ్మ కోసం ఆకుల్ని పక్కకి తోసి చూసేది. వరస చివర ఆగి, ఊపిరి పీల్చుకుని, గడ మాన్యుయెల్ చేతిలో పెట్టింది.

"కంపెనీవాళ్లకి రాసేస్తాను, తోట ఖాళీ లేదని."

మాన్యుయెల్ గడని రెండు చేతులా పట్టుకున్నాడు. మరియానే అడిగింది. "ఎన్నేళ్లకి?"

"పదేళ్లకి."

"పన్నెండు" అన్నాను నేను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. మరియా నా కాలు తొక్కింది. నేను క్షమించమన్నాను. పదేళ్లకే రాసుకున్నారు.